బావ గొంతుతో మాట్లాడిన ఓడ

ఇరవై ఏళ్లకు పైగా ఒక దినపత్రిక జిల్లా డెస్కులో కూర్చుని ఎవరో రాసిన వార్తలు దిద్దాను. ఆ డెస్కు ఎత్తేశాక ఇంట్లో పేపరు చదువుతూ కూడా పెన్నుతో తప్పులు దిద్దుకుంటూ గడిపాను. అలాంటి రోజుల్లో రుషికొండ నుంచి ఫోను వచ్చింది. అక్కడ కొండవాలు మీద ఐటీ కంపెనీల మధ్య ఒక చిన్న ఆఫీసులో నలుగురు కలిసి కంప్యూటర్ గేములు తయారుచేస్తారు. వాళ్లకు పెద్ద ఒక అమ్మాయి. ముప్పై దాటి ఉంటాయి. వాళ్లది వన్‌టౌన్. వాళ్ల అబ్బాకు, అంటే నాన్నకు, అక్కడ గడియారాలు బాగుచేసే దుకాణం ఉంది.

"సార్, మా గేములో షిప్పులు తెలుగు మాట్లాడాలి. ఇంగ్లీషులో రాసుకుని తెలుగులోకి మార్పిస్తే డబ్బింగ్ సినిమాలా ఉంటోంది. మీరు ముందే తెలుగులో రాసివ్వాలి" అంది.

ఆ షిప్పులు మన హార్బర్‌లోకి వచ్చేవి కావు. ఆకాశంలో తిరిగేవి. కథ ఇదీ: భూమి వదిలి వెళ్లిన మనుషులు ఏడు నౌకల్లో ఉంటారు. ప్రతి నౌకకూ ఒక బుద్ధి, ఒక గొంతు ఉంటాయి. లోపలివాళ్లను నిద్రపుచ్చేదీ లేపేదీ అదే. గాలి అందించేదీ అదే. ఒకరోజు ఎక్కణ్నుంచో ఒక కంప్యూటర్ వైరస్ వస్తుంది. ఒక నౌక ఇంకో నౌకను పలకరించినప్పుడు ఆ పలకరింపులో దాక్కుని దాటుతుంది. అది సోకిన నౌక తనవాళ్లనే శత్రువులనుకుంటుంది. పక్క నౌకల మీద కాల్పులు జరుపుతుంది, బయటికెళ్లిన సొంత కెప్టెన్‌ను లోపలికి రానివ్వదు. గేము ఆడేవాళ్లే ఆ కెప్టెన్.

మొదటి సగం నాకు సులువుగానే వచ్చింది. మంచిగా ఉన్న నౌక మాటలు రాయడానికి నా ముందు ఒక మనిషి ఉన్నాడు. మా అక్క భర్త. మా వైపు మగవాళ్లం ఒకరినొకరు బావ అనే పిలుచుకుంటాం కాబట్టి నేను ఆయనకు బావని, ఆయన నాకు బావ. ఎలమంచిలి దగ్గర పల్లెటూరి రైతు కుటుంబం ఆయనది. కుర్రతనంలోనే పోర్టులో చేరి, ఉద్యోగ జీవితమంతా సిగ్నల్ స్టేషన్‌లో రేడియో ముందు కూర్చున్నాడు. బయట సముద్రంలో లంగరేసి నిలబడ్డ ఓడలతో మాట్లాడడం ఆయన పని. ఎవరు మీరు, ఎక్కణ్నుంచి వస్తున్నారు, ఓడ ఎంత లోతు మునిగి ఉంది, లోపల ఏముంది. తుపాను గాలిలో వణికిపోతున్న ఓడవాడితో కూడా ఆయన వీధి అరుగు మీద కూర్చున్నట్టే మాట్లాడేవాడు. రిటైరై రెండేళ్లయినా ఇంట్లో ఫోను ఎత్తితే ముందు "సెప్పండి, వింతన్నాను" అనేవాడు.

నేను రాసినవి ఆయనకు చదివి వినిపించాను.

"నౌక ఏటి బావా, నౌక? నోట్లో పట్టట్లేదు. ఓడ అను" అన్నాడు.

"అంతరిక్షంలో తిరిగేది బావా అది."

"ఎక్కడ తిరిగితే ఏటి? మనుసుల్ని మోసుకెల్లేది ఓడే."

అప్పటి నుంచి అది ఓడే అయింది. ఆయన గొంతు విన్నాక ఆ అమ్మాయి మరొకరి కోసం వెతకనే లేదు. రుషికొండ ఆఫీసులో మాటలు రికార్డు చేయడానికి గోడలకు పరుపుముక్కలు అంటించిన చిన్న గది ఉంది. బావ అందులో కూర్చుని రెండు పూటల్లో మంచి ఓడ మాటలన్నీ చెప్పేశాడు. "లేవండి, వెలుతురు పెంచుతున్నాను, కళ్లు మెల్లగా తెరవండి" అన్న మాట ఆయన చెబుతుంటే అద్దం ఇవతల కూర్చున్న నలుగురూ నవ్వడం మానేసి విన్నారు.

చిక్కు రెండో సగంలో వచ్చింది. వైరస్ సోకిన ఓడ ఏం మాట్లాడుతుంది? నేను రాసిన ఓడ పళ్లు నూరేది, చంపుతానని అరిచేది. ఆ అమ్మాయి మర్యాదగానే "సార్, ఇది విలన్‌లా ఉంది. ఇందాకటి ఓడే ఇలా అయిందంటే నమ్మబుద్ధి కావట్లేదు" అంది. నిజమే. నాలుగుసార్లు తిరగరాశాను. నాలుగుసార్లూ విలనే వచ్చాడు.

అలా తిరగరాస్తున్న రోజుల్లోనే బావకు జ్వరం తగిలింది. మామూలు జ్వరమే అనుకున్నాం. మూడో రోజుకు తలనొప్పి అన్నాడు, వెలుతురు చూడలేకపోతున్నానన్నాడు. కిటికీ తెరలన్నీ వేయించుకున్నాడు. ఆ మధ్యాహ్నం అక్క మాత్రల కోసం సీతమ్మధారలో వాళ్ల వీధి చివరి మందుల షాపుకి వెళ్లింది. పది నిమిషాల్లో తిరిగొచ్చేసరికి తలుపు లోపల గడియ పెట్టి ఉంది.

కొట్టింది, పిలిచింది. వరండా వైపు కిటికీ తెర కొంచెం జరిగింది. ఆ తర్వాత జరిగింది అక్క నాకు చెప్పింది.

"ఎవరు నువ్వు?"

"నానే. తలుపు తియ్యి, మాత్రలు తెచ్చాను."

"నానే అంటే ఎవరు? పేరు సెప్పు. ఎక్కణ్నుంచి వత్తన్నావు?"

అక్క వేళాకోళం అనుకుంది. పేరు చెప్పింది.

"ఆ మనిసి లోపలున్నాది. తొంగున్నాది" అన్నాడు. అని, ఇంకో మాట కూడా అన్నాడు. ఆ మాట ఇక్కడ రాయను.

పక్క ఫ్లాటావిడ నాకు ఫోను చేసింది. నేను మద్దిలపాలెం నుంచి ఆటోలో వెళ్లేసరికి అక్క వరండాలో నిలబడే ఉంది. చేతిలో మాత్రల కవరు నలిగిపోయింది. కిటికీలోంచి చూశాను. తలుపుకు అడ్డంగా మంచం లాగేసి ఉంది. బావ కర్టెన్ కమ్మీ ఊడబెరికి పట్టుకుని, లుంగీతో, చెమటలు కారుతూ నిలబడి ఉన్నాడు. నా వైపు చూసిన చూపులో పరిచయం లేదు.

"బావా, నాను" అన్నాను.

"అక్కడే ఆగు. దగ్గరికి రాకు. ఇక్కడ మనుసులున్నారు, నాను సూసుకోవాలి."

చాలాసేపు బతిమాలాను. మా పెళ్లిళ్ల సంగతులు చెప్పాను. ఎంత చెప్పినా, ఆ సంగతులు నేను ఎవరి దగ్గరో దొంగిలించుకొచ్చినట్టు వింటున్నాడు. వింటూ వింటూ కమ్మీ ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. తలుపు పగలగొడదామని వెనక ఎవరో అంటున్నారు. అది విని ఆయన మంచాన్ని ఇంకా దగ్గరికి నెట్టాడు.

నాకు ఎలా తట్టిందో ఇప్పటికీ తెలియదు. బయటి ఓడ హార్బర్‌లోకి రావాలంటే పోర్టు నుంచి పైలట్ వెళ్లి ఆ ఓడ ఎక్కాలి. దారి చూపించేది అతనే. పైలట్ వస్తున్నాడంటే ఎంత మొండి కెప్టెనైనా నిచ్చెన దించాల్సిందే. బావ ఎన్నోసార్లు చెప్పిన సంగతే.

"పైలట్ని. ఓడ ఎక్కడానికి పర్మిషన్ కావాలి" అన్నాను.

ఆయన తల ఎత్తాడు.

"ఒక్కడివేనా?"

"పైలట్ ఒక్కడే."

"నిచ్చెన ఏ పక్క దించమంటావు?"

"గాలి లేని పక్క" అన్నాను.

కాసేపు ఆలోచించి మంచం పక్కకు లాగాడు. గడియ తీశాడు. నేను లోపల అడుగు పెట్టి చెయ్యి పట్టుకుంటే పెనంలా కాలిపోతోంది. వెంటనే నా వెనకే పక్కింటివాళ్లు ముగ్గురు తోసుకొచ్చి ఆయన్ను పట్టుకున్నారు. వేరే దారి లేదు, వాళ్లు పిలిపించిన అంబులెన్సు వీధిలో నిలబడి ఉంది. మోసుకెళుతుంటే ఆయన పెనుగులాడలేదు. తల తిప్పి నా కళ్లలోకి చూసి, "పైలట్ ఒక్కడే అన్నావు" అన్నాడు.

మెదడువాపు అన్నారు ఆస్పత్రిలో. ఏదో వైరస్ మెదడులోకి ఎక్కిందని, మందు ఎక్కిస్తున్నామని, మనిషి మళ్లీ మామూలు అవ్వచ్చు, కాకపోవచ్చు అని డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. వైరస్ అన్న మాట ఆయన నోట వింటే నా తల పక్కకు తిరిగిపోయింది. ఆ మాట నేను అప్పటికి నెలరోజులుగా కాగితం మీద వాడుకుంటున్నాను.

మొదటి వారం బావ ఎవరినీ తన మనిషి అనుకోలేదు. సూది వేసే నర్సును, ఎవరు పంపారని అడిగాడు. గ్లాసులో నీళ్లు నాతో ముందు తాగించి గాని తాగలేదు. అక్క కనబడితే మాత్రం మరీ ఉద్రేకపడిపోయేవాడు. అందుకని ఆవిణ్ని లోపలికి రావద్దన్నారు. ఆమె వారమంతా గది బయట బెంచీ మీద కూర్చుంది. తలుపు మూసినా మాటలు వినబడేవి.

నేను లోపల కుర్చీలో కూర్చుని రాసుకున్నాను. డాక్టరే చెప్పాడు, ఏం మాట్లాడుతున్నాడో, ఎప్పుడు తేడాగా ఉంటున్నాడో రాసి పెట్టండని. నోటుపుస్తకంలో తారీఖు, టైము వేసి రాసేవాణ్ని. అంతవరకే అయితే నాకు ఇది చెప్పుకోవాల్సిన అవసరం ఉండేది కాదు. ఇంటికెళ్లాక అందులోని మాటలు ఏరి కంప్యూటర్‌లో ఇంకో చోట ఎక్కించుకున్నాను. మనిషి పేరు ఉన్న చోట కెప్టెన్ అని, ఇల్లు ఉన్న చోట ఓడ అని మార్చాను. ఏడుస్తూనే మార్చాను. కానీ వాక్యం ఎక్కడ విరవాలో, ఏ మాట చివర పెడితే బాగా తగులుతుందో చూసుకుంటూ మార్చాను. డెస్కులో పనిచేసిన చెయ్యి అది. కిటికీ దగ్గర అక్కను అన్న ఆ మాటను అన్నిటికన్నా పైన పెట్టాను.

పంపిన గంటకే రుషికొండ అమ్మాయి ఫోను చేసింది.

"సార్, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. ఎలా రాశారు?"

"వచ్చేశాయమ్మా" అన్నాను.

బావకు ఒంట్లో బాగోలేదని ఆమెకు తెలుసు. ఏం జబ్బో నేను చెప్పలేదు, ఆమె అడగలేదు.

రెండో వారంలో జ్వరం దిగింది. ఒక ఉదయం కళ్లు తెరిచి అక్కను పేరు పెట్టి పిలిచి, చారు కావాలన్నాడు. అక్క ఆ మాట బెంచీ మీంచే విని లోపలికొచ్చింది. వచ్చి మంచానికి నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది. "రా, అక్కడే నిలబడిపోనావేటి?" అన్నాక గాని దగ్గరికి వెళ్లలేదు.

ఇంటికొచ్చాడు. నడక నెమ్మదించింది. కొన్ని మాటలు నోటికి అందేవి కావు. చెంచాను చూపించి "అది... కలిపేది" అనేవాడు. ఆ రెండు వారాలూ ఆయనకు దాదాపు ఏమీ గుర్తులేవు. జ్వరంలో ఏదో కలవరించావని చెప్పి అక్క ఊరుకుంది. వాళ్లు ఇల్లు చేరిన మర్నాడే వడ్రంగిని పిలిపించి వీధి తలుపు లోపలి గడియ తీయించేసింది. తుప్పు పట్టిందని బావతో చెప్పింది. అది కొత్త గడియేనని నాకు తెలుసు. ఆయన స్నానానికి వెళ్లి తలుపు వేసుకుంటే చాలు, ఆమె వంటింట్లోంచి వచ్చి ఆ తలుపు దగ్గర నిలబడేది.

నెల దాటాక ఒక సాయంత్రం బావ అడిగాడు, "నీ గేము ఏటయింది బావా? మన ఓడ మాటాడతందా?"

ల్యాప్‌టాప్ తీసుకెళ్లాను. చెడ్డ ఓడ మాటల్ని అప్పటికి ఆఫీసులో ఒకతను తాత్కాలికంగా తన గొంతుతో చెప్పి పెట్టాడు. ఆ భాగం ఆయనకు వినిపించకూడదని ముందే అనుకుని వెళ్లాను. మంచి ఓడ మాటలు వినిపించాను. ఆయన తన గొంతు తనే విని, పరాయివాణ్ని మెచ్చుకున్నట్టు తల ఊపాడు. ఆ ముక్క అయిపోయి తర్వాతిది దానంతటదే మొదలైంది. నేను ఆపేలోపే ఓడ తన కెప్టెన్‌తో ఆ మాట అనేసింది.

వంటింట్లో బెండకాయలు తరుగుతున్న అక్క బయటికొచ్చింది. చేతిలో చాకు అలాగే ఉంది.

"మల్లీ ఎయ్యి" అంది.

"అక్కా..."

"ఎయ్యరా."

వేశాను. అంతా విన్నది. గొంతు పెంచలేదు.

"ఆ వారం నాను బెంచీ మీద కూకుంటే, నువ్వు లోపల కూకుని ఇది రాసుకున్నావేటి?"

బావ మా ఇద్దరి మొహాలూ చూస్తున్నాడు. "ఏటి? ఏటయింది? నానేటైనా అన్నానా?" అన్నాడు. అక్క చాకు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. చెప్పే పని నా మీద పడింది. గడియ, మంచం, కమ్మీ, పైలట్, అంతా చెప్పాను. అక్క ఆయన దగ్గర జాగ్రత్తగా దాచిపెట్టిందాన్ని నేను ఒక ఆటబొమ్మ చేసి బయట పెట్టేశానని చెబుతున్నప్పుడు నాకే అర్థమైంది. బావ లేచి వరండాలోకి వెళ్లి, కిటికీ బయట, అక్క ఆ రోజు నిలబడ్డ చోట కాసేపు నిలబడ్డాడు. అక్కణ్నుంచి లోపలికి చూశాడు. తర్వాత వచ్చి పడుకున్నాడు. ఆ పూట ముగ్గురిలో ఎవరూ అన్నం తినలేదు.

మర్నాడు పొద్దున్నే రుషికొండ వెళ్లాను. ఆ అమ్మాయిని బాల్కనీలోకి పిలిచి జరిగిందంతా చెప్పాను. కింద సముద్రంలో, హార్బర్ లోపలికి రావడానికి వంతు కోసం ఆగిన ఓడలు వరసగా కనిపిస్తున్నాయి. ఆ మాటలన్నీ తీసేయమన్నాను. గేముకు అవే ప్రాణమని ఆమె తోటివాళ్లు అంటారని నాకు తెలుసు. ఆమె నాతో వాదించలేదు. లోపలికి వచ్చి నా ఎదురుగానే ఒక్కొక్కటీ తుడిచేసింది. తుడుస్తూ తెర మీంచి చూపు తిప్పకుండానే చెప్పింది.

"మా దాదీ, అబ్బా వాళ్లమ్మ, చివర్లో మా అబ్బాని దొంగ అనేది సార్. ఇంట్లోకి రానిచ్చేది కాదు. అబ్బా రోజూ దుకాణం నుంచి వచ్చి గుమ్మం బయటే నిలబడి, 'దొంగని కాదమ్మీ, గడియారాలు బాగుచేస్తాను' అని చెప్పుకుని లోపలికొచ్చేవారు. రెండేళ్లు అలాగే. ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. నాకైతే దాదీ మీద కోపం వచ్చేది. అబ్బాకి ఎందుకు రాలేదో ఎప్పుడూ అడగలేదు."

రెండు రోజుల తర్వాత బావే పిలిపించాడు. వరండాలో కుర్చీలు వేయించాడు. మాటలు వెతుక్కుంటూ, మధ్యమధ్య ఆగుతూ చెప్పాడు. అప్పటిదంతా పోయిందట గానీ ఒకటి మిగిలిందట. కలలాగ కాదు, నిన్న జరిగినట్టు.

"అప్పుడు నాకు కోపం లేదు బావా. బయం. లోపల మీ అక్క తొంగున్నాదని నాకు గట్టిగా తెలుసు. దాన్ని కాపాడాలి. బయట దానిలాగే ఇంకో మనిసి నిలబడున్నాది. అచ్చం అదే గొంతు. అంత బాగా ఏసం ఏసుకొచ్చిందంటే ఎంత పెద్ద మోసమో అని వణికిపోనాను. ఎంత ప్రేమగా మాటాడితే అంత బయమేసింది."

"నీకు ఏదో తేడాగా ఉందని అనిపించలేదా?"

"లేదు. అదే గదా నాను సెప్పేది. నా లెక్కలో మారిపోనోడు నాను కాదు. మీరు." కుర్చీ నా వైపు జరుపుకున్నాడు. "నీ ఓడ రాచ్చసిలాగ మాటాడతన్నాది. అది తప్పు. దానికి రోగం వచ్చిందని దానికి తెల్దు. దాని డ్యూటీ అది సేత్తన్నాది. లోపలోళ్లని కాపాడతన్నాననుకుంటన్నాది."

నాలుగుసార్లు రాసినా నాకు చిక్కనిది అదే. ఆస్పత్రి గదిలో వారం కూర్చుని ఆయన మాటలు పట్టుకున్నాను గానీ ఆ మాటల వెనక మనిషి ఏం చేస్తున్నాడో పట్టుకోలేదు. నాకు వినబడింది శత్రువు గొంతు. ఆయన మాత్రం ఆ వారమంతా కాపలా కాశాడు.

ఇది రాయొచ్చా అని అడిగాను. "నన్నడగకు. దాన్నడుగు" అన్నాడు.

అక్కను అడగడానికి నాకు ఇంకో వారం పట్టింది. బియ్యంలో రాళ్లు ఏరుతూ విన్నది. "రాయి. గాని ఆ మాట ఒద్దు. అది నన్నన్న మాట, నా కాడే ఉండనీ" అంది. సరే అన్నాను. నేను లేవబోతుంటే మళ్లీ అంది, "అందరూ అతనికేటయింది, అతనెలగున్నాడు అని అడిగినోళ్లే. బయట నిలబడ్డదాని సంగతి ఎవులూ అడగనేదు."

కూర్చున్నాను. "ఎలా ఉండిందక్కా?"

"నాను నానేనని సెప్పడానికి నా కాడ ఏటీ నేకపోనాది. పేరు సెప్పాను. మా అత్త పేరు సెప్పాను. మందుల సీటీ కిటికీలోంచి సూపించాను. ఏటి సూపించినా దొంగదే అంటన్నాడు. కొంతసేపయ్యాక నాకే ఒక పాలి అనుమానం వచ్చింది, నిజంగా లోపలెవరైనా ఉన్నారేటో అని." నవ్వబోయి, నవ్వు రాక, మళ్లీ బియ్యంలో వేలు పెట్టింది. "అది రాసుకో. అది నాను ఇత్తన్నాను."

కెప్టెన్ మాటలు అలా రాశాను. ఆవిడ ఇచ్చినవి ఇచ్చినట్టుగా. ఓడ మాటలు బావతో కూర్చుని రాశాను. ఇప్పుడు ఓడ అరవదు. మర్యాదగా ఉంటుంది. దూరంగా ఉండమని వేడుకుంటుంది. ఆఫీసులో దీని మీద పెద్ద వాదనే జరిగింది. ఆడేవాళ్లకు ఓడల్ని పేల్చడమే సరదా అని, అది తీసేస్తే ఎవరు ఆడతారని ఇద్దరు పట్టుబట్టారు. చివరికి ఆరు ఓడల్ని పేల్చడానికే వదిలేశారు. ఒక్క ఓడ దగ్గర మాత్రం, ఆడేవాడికి ఓపికుంటే, తుపాకీ పక్కన పెట్టి లోపలికి రావడానికి అనుమతి అడగొచ్చు. చాలామంది అడగరని ఆ అమ్మాయి ముందే చెప్పింది. అడగలేదు కూడా.

ఆ ఓడ గొంతు బావదే కావాలని ఆమె పట్టుబట్టింది. ఆయన నాలుక ఇంకా పూర్తిగా కుదురుకోలేదని చెప్పినా వినలేదు. డాక్టరును అడిగి ఒప్పించి తీసుకెళ్లాను. ఈసారి అక్క కూడా వచ్చింది. పరుపుముక్కల గదిలో బావ కుర్చీలో సర్దుకుని కాగితం చూశాడు. "దయచేసి దూరంగా ఉండండి. లోపల పిల్లలు నిద్రపోతున్నారు." దయచేసి దగ్గర నాలుక మడతపడింది. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అక్కడే ఆగాడు. ఏడెనిమిదిసార్లు అయ్యాక మైకు ఆపేద్దామా అని నేను చెయ్యి ఎత్తాను. ఆయన కాగితం పక్కన పడేశాడు.

"దగ్గరికి రాకండి బాబూ" అన్నాడు, తన మాటలో, మెల్లగా. "లోపల పిల్లలు తొంగున్నారు."

ఆ అమ్మాయి చెవులకున్న హెడ్‌ఫోన్స్ తీసి, సరిచేసుకోవాల్సిన అవసరం లేకపోయినా దుపట్టా సరిచేసుకుంది. రెండోసారి చెప్పమని అడగలేదు. గేములో ఉన్నది అదే. ఓడకు శ్రీకాకుళం యాస ఏమిటని తర్వాత కొందరు ఇంటర్నెట్‌లో ఎగతాళి చేశారు; మా వైపు యాస ఏదైనా వాళ్లకు శ్రీకాకుళమే. ఓడ ఆ మాటంటే పేల్చలేక ఆట ఆపేశానని ఒకతను రాశాడు. అది బావకు చదివి వినిపిస్తే, "ఎల్లి పర్మిషన్ అడగొచ్చు గదా" అన్నాడు.

రికార్డింగ్ అయ్యాక కొండ దిగి బీచ్‌లో కూర్చున్నాం. ఆదివారం కాదు కాబట్టి జనం పలచగా ఉన్నారు. బావ ఇసకలో కాళ్లు చాపుకుని సముద్రం వైపు చూస్తున్నాడు. చాలాసేపటికి, తల తిప్పకుండానే అక్కను అడిగాడు.

"ఆ రోజు ఎంతసేపు నిలబడ్డావు?"

"గంటన్నర."

"గంటన్నరా?"

నీళ్లు వచ్చి మా చెప్పుల దాకా తాకి వెనక్కెళ్లాయి.

"కాళ్లు నొప్పెట్టాయా?"

"నొప్పెట్టాయి" అంది అక్క. అని, ఆ రోజు తర్వాత మొదటిసారి, మా ఇద్దరి ముందూ ఏడ్చింది. బావ జేబులో రుమాలు కోసం తడుముకుని, దాని పేరు నోటికి రాక, చేతికి అందగానే ఆమెకిచ్చాడు. నేను మొక్కజొన్న పొత్తులు తెస్తానని చెప్పి లేచి దూరంగా వెళ్లాను.

ఇది రాసి ఇద్దరికీ చదివాను. బావ నిచ్చెన సంగతి సరిగానే రాశావన్నాడు. అక్క మొత్తం విని, బెండకాయలు కాదు, ఆ రోజు దొండకాయలంది. నాకు బెండకాయలే గుర్తు. అలాగే ఉంచాను.